కాళ్ళు వచ్చేదాకా

విజయవాడ, వన్ టౌన్
జూన్ 14

అక్కా,

నీకు ఉత్తరం రాద్దామని కవరు కోసం పోస్టాఫీసుకు వెళితే కౌంటరులో ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "కోర్టు నోటీసా అమ్మా?" అన్నాడు. కాదండీ, మా అక్క కన్యాస్త్రీ కావడానికి శిక్షణలో ఉంది, ఏడాదిపాటు ఫోను ఇవ్వరు అన్నాను. "ఏం చేసిందేం?" అన్నాడు. ఈ ఉత్తరం ముందు మీ మదర్ గారు చదువుతారని తెలుసు. మదర్ గారూ, నమస్కారం. ఆ మాట అన్నది ఆయన, నేను కాదు.

నాన్న సంగతి రాస్తాను. నువ్వు వెళ్ళేనాటికి పొద్దున మాత్ర వేసుకుంటే మధ్యాహ్నం దాకా మనిషిగా ఉండేవాడు. ఇప్పుడు మాత్ర ఎక్కీ ఎక్కకముందే దిగిపోతోంది. ఎక్కినంతసేపు ఒళ్ళంతా మెలికలు తిరుగుతుంది, దిగితే కొయ్యబారిపోతాడు. రెంటి మధ్యా మిగిలిన కాసేపట్లోనే స్నానం, అన్నం, పేపరు. వంటింటి గడప దగ్గరైతే మరీ కష్టం. కాళ్ళను నేలకు అతికించినట్టు ఆగిపోతాడు. నేను వెనకనుంచి పట్టుకుని, "కాలెత్తు నాన్నా, కాలెత్తు" అంటుంటాను. ఆర్టీసీలో ఇన్నేళ్ళు కండక్టరు, కదిలే బస్సులో దేన్నీ పట్టుకోకుండా నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి. ఇప్పుడు కదలని ఇంట్లో నన్ను పట్టుకుని నిలబడతాడు. అమ్మ పోవడం ముందే పోయింది, జబ్బు ఇంత ముదరడం చూడలేదు.

డాక్టర్లు ఆపరేషను చేస్తామంటున్నారు. పార్కిన్సన్స్ ముదిరినవాళ్ళలో కొందరికి చేస్తారట. మెదడులోకి రెండు సన్నటి తీగలు దించుతారు. ఛాతీ మీద చర్మం కింద బ్యాటరీ పెడతారు. ఆ కరెంటుతో కాళ్ళూ చేతులూ మళ్ళీ చెప్పిన మాట వింటాయి. జబ్బు మాత్రం పోదు. మనిషి మెలకువగా ఉండగానే చేస్తారు. నాన్నకు ఇదంతా చెబితే, "తెరిచింది మళ్ళీ మూస్తారుగా?" అన్నాడు. అడిగింది అంతే.

ఇంకొకటి. నాకు హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. నవంబరు ఆఖరుకు చేరాలి. నాన్నకు చెబితే తలూపాడు. ఆయన ఊపాడో, మాత్ర ఊపిందో తెలియలేదు. ఆపరేషనయ్యాక తనంతట తను తిరగగలిగితే వెళతాను, లేకపోతే లేదు. డిగ్రీ అయినప్పటినుంచీ ఈ ఇంట్లో, కింద బెల్లం గోడౌను, పైన నేను, మధ్యలో చీమలు. ఇలాగే ఇంకో ఏడాది అంటే ఊహించుకోలేకపోతున్నాను.

వినీల


మైలవరం
జూన్ 27

క్రీస్తునాథునియందు ప్రియమైన చెల్లెలు వినీలకు,

నీ ఉత్తరము అందినది. నాన్నగారి ఆరోగ్యము కొరకు ఇచ్చట అందరమూ ప్రతిదినము ప్రార్థించుచున్నాము. దేవుని చిత్తమైతే ఆపరేషను సఫలమగును. నీవు ధైర్యముగా ఉండుము. మదర్ గారు నీ నమస్కారము చదివి నవ్విరి. ఇచ్చట వర్షములు పడినవి. బావి ప్రక్కన మొక్కజొన్న వేసితిమి.

గడప దగ్గర ఆగినప్పుడు వెనకనుంచి పట్టుకోకు. ముందు నిలబడి చెయ్యి చాపు. అమ్మ అలాగే చేసేది.

ఇట్లు,
డయానా


విజయవాడ, వన్ టౌన్
ఆగస్టు 30

అక్కా,

ధైర్యముగా ఉండుమంటివి కదా, ఉంటిని. ఆపరేషను అయింది.

తలకు ఇనప చట్రం బిగించి లోపలికి తీసుకెళ్ళారు. మాట సరిగా వస్తోందో లేదో చూడ్డానికి మధ్యమధ్యలో మాట్లాడిస్తారట. వారాల పేర్లు చెప్పమంటే నాన్న ఆదివారం, సోమవారం అన్నాడట. అంతలో ఎందుకో విసుగొచ్చి తన పాత బస్సు స్టాపులు, గొల్లపూడి, ఇబ్రహీంపట్నం, కొండపల్లి అందుకున్నాడట. ఆ సంగతి నర్సు బయటికొచ్చి చెప్పింది. "మీ నాన్నగారు మైలవరం దాకా తీసుకెళ్ళారండీ. మధ్యలో మా జి.కొండూరు వచ్చింది. అక్కడ దిగిపోదామనిపించింది" అంది. బయట బెంచీ మీద గట్టిగా నవ్వింది నేనొక్కదాన్నే.

మిషను వెంటనే ఆన్ చెయ్యరు. పుండు మానాక ఈ నెల మొదట్లో పిలిచారు. డాక్టర్ సింధూరి గారని చిన్నావిడ. చేతిలో ట్యాబ్ లాంటిది పట్టుకుని కరెంటు కొంచెం కొంచెంగా పెంచుతూ అడుగుతుంది.

"మరియదాసు గారూ, ఎలా ఉందండీ? తిమ్మిరిగా గానీ, మూతి లాగినట్టు గానీ ఉందా?"

"రైట్."

"ఇంకొంచెం పెంచమంటారా?"

"రైట్."

"ఇబ్బందేం లేదుగా?"

"రైట్ రైట్."

"మీ నాన్నగారు చాలా కోఆపరేటివ్ అండీ" అంది నాతో. మామూలుగా అయితే మనం నర్సులను కోఆపరేట్ చెయ్యమని బతిమాలుకుంటాం, కాబట్టి నాకు గర్వంగానే అనిపించింది.

చెయ్యి వణకడం ఆగిపోయింది. ఆ చెయ్యి వేరెవరిదో అన్నట్టు నాన్న తిప్పి తిప్పి చూసుకున్నాడు. లేచి వరండాలో నడిచాడు. మలుపు దగ్గర కూడా ఆగలేదు. నేను వెనకాల పరిగెత్తాను. సంతోషం రావాలి కదక్కా. నాకు నిద్రొచ్చింది. అక్కడే కుర్చీలో కూర్చుని నిద్రపోయాను. నాన్నే వచ్చి లేపాడు.

ఒక్కటే లోటు. ఆ తరవాత రోజుల్లో మాట ముద్దగా రావడం మొదలైంది, నోట్లో కిళ్ళీ పెట్టుకుని మాట్లాడినట్టు. సింధూరి గారికి ఫోను చేశాను. "కరెంటు తగ్గిస్తే మాట తేటపడొచ్చండీ. కాళ్ళు మళ్ళీ బిగుసుకోవచ్చు. ఒకసారి తీసుకురండి, చూద్దాం" అంది. కొన్నాళ్ళు చూస్తామండీ అన్నాను. నాన్న ఎలాగూ పెద్ద మాటకారి కాదు. సూట్‌కేసు కొన్నాను.

వినీల


మైలవరం
సెప్టెంబరు 22

వినీ,

ఆదివారం నాన్న వచ్చాడు. నువ్వు ఒక్కణ్ణే బస్సెక్కించి పంపావని ముందు నమ్మలేదు. గేటు దాటి కంకర దారిలో ఎవరో పెద్దాయన చకచకా వస్తుంటే, ఎవరి నాన్నో అనుకున్నాను. దగ్గరికొచ్చాక చూస్తే మన నాన్నే. మదర్ గారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించాను. ఇక్కడ అలా లాగకూడదు.

తరవాత వరండాలో కూర్చుని మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏంటి నాన్నా" అని ఒకసారి అడిగాను, ఇంకోసారి అడిగాను. మళ్ళీ అడగలేక తలూపాను. ఊరికే ఊపుతున్నానని ఆయనకు తెలిసిపోయింది. మాట ఆపేశాడు. మిగతా సేపంతా మొక్కజొన్న చేను చూస్తూ కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు నా నెత్తి మీద చెయ్యి పెట్టాడు. చెయ్యి వణకలేదు. అయినా నాకు బాగా అనిపించలేదు.

ఆయన వెళ్ళాక నీ ఉత్తరం మళ్ళీ తీశాను. డాక్టరమ్మ ఏమడిగినా రైట్ అన్నాడని రాశావు. ఆవిడ బాగుందని అర్థం చేసుకుంది, తప్పులేదు. నువ్వెలా అర్థం చేసుకున్నావు? సెలవుల్లో ఆయన బస్సులో కిటికీ పక్కన కూర్చుని మైలవరం దాకా తిరిగినవాళ్ళం కదా మనం. నాన్న రైట్ ఎప్పుడనేవాడు? ఫుట్‌బోర్డు మీద జనం వేలాడుతుంటే, లోపల పసిపిల్ల గుక్కపట్టి ఏడుస్తుంటే, టైమైపోతోందని డ్రైవరు హారన్ కొడితే, అప్పుడు అనేవాడు. రైట్ అంటే బాగుందని కాదు వినీ. ఎలా ఉన్నా సరే, బండి పోనీ అని.

ఆ రోజు ఆసుపత్రిలో ఎవరికి టైమైపోతోందని అన్నాడంటావు?

ఇది మదర్ గారు చదివారు. కవరు తిరిగి ఇచ్చారు.

డయానా


విజయవాడ, వన్ టౌన్
అక్టోబరు 5

డయానా సిస్టర్ గారికి,

అక్కడ కూర్చుని మాటలకు అర్థాలు చెప్పడం తేలిక. ఎవరికి టైమైపోతోందని అడిగావుగా, నాకే. నేనేం దాచలేదు, మొదటి ఉత్తరంలోనే రాశాను. నువ్వు మొక్కజొన్న గురించి రాశావు.

తగ్గిస్తే ఏమవుతుందో తెలుసా? మళ్ళీ గడప, మళ్ళీ "కాలెత్తు కాలెత్తు." ముందు నిలబడాలా వెనక నిలబడాలా అని సలహాలు వస్తాయి, నిలబడే మనిషి రాదు. నువ్వు దేవుడి పేరు చెప్పి వెళ్ళావు. మన విచారణలోని చర్చి జనమంతా కలిసి దండలేసి, కేకు కోసి పంపించారు. నేను జీతం పేరు చెప్పి వెళతానంటే ఎవరూ వద్దనలేదు. అందరూ "మరి మీ నాన్న?" అన్నారు. నిన్ను ఆ మాట ఎవరైనా అడిగారా?

కాళ్ళు వచ్చాయక్కా. ఆయన నడిచి నీ దగ్గరికి వచ్చాడు. చాలదా?

ఇక్కడిదాకా రాసి పోస్టు చెయ్యకుండా పుస్తకంలో పెట్టాను. ఇప్పుడు మిగతాది రాస్తున్నాను.

నిన్న నాన్న బాత్రూంలో జారిపడ్డాడు. జబ్బు వల్ల కాదు, సబ్బు వల్ల. నేను ముందుగదిలో హైదరాబాదు ఆఫీసువాళ్ళతో ఫోనులో ఉన్నాను. ఏదో అరుపు వినిపిస్తూనే ఉంది. కింద గోడౌను దగ్గర తోపుడుబండి అతను ఎవరినో అదిలిస్తున్నాడనుకున్నాను. మన వీధిలో ఎప్పుడూ ఉండే మోతేగా. వాళ్ళతో మాట్లాడటం పూర్తిచేశాను. మంచినీళ్ళు తాగాను. అప్పుడు లోపలికి వెళ్ళాను. ఆయన నన్నే పిలుస్తున్నాడు. వినీ, వినీ అని. అంతసేపూ వింటున్నాను, నా పేరని తెలియలేదు.

ఎముకలేం విరగలేదు. మోచెయ్యి వాచింది. లేపి మంచం మీద కూర్చోబెట్టి, తుడిచి, అడిగాను. "ఆ రోజు డాక్టర్ దగ్గర రైట్ రైట్ అన్నావు చూడు, నా కోసమే అన్నావా?"

ఏదో చెప్పాడు. పెద్ద జవాబే. చాలాసేపు చెప్పాడు.

నేనూ తలూపాను.

వినీల


మైలవరం
అక్టోబరు 14

వినీ,

నేను రాను. రాలేను అంటే అది నా మీద నేను జాలిపడటమే, అందుకని రాను అనే రాస్తున్నాను. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. తెల్లవారుజామున గంట కొట్టగానే విసుక్కుంటూ లేస్తాను, అయినా ఉండాలనే ఉంది. నువ్వు వెళ్ళకూడదని కూడా నేను అనను. నీ ఉత్తరంలో నువ్వు అడిగినవన్నీ న్యాయమే. నన్నెవరూ అడగలేదు.

కానీ ఎంతదాకా పెంచాలో ఆయన చెప్పాలి. ఆయన భాషలో అడిగితేనే చెబుతాడు. డాక్టరమ్మను బాగుందా అని అడగొద్దను. నాన్నను మాట్లాడిస్తూ, కిందనుంచి మెల్లగా పెంచమను. రైట్ అని ఎన్నిసార్లన్నా లెక్కచెయ్యొద్దు. హోల్డాన్ అనగానే ఆపెయ్యమను. బండి కదపడానికి ఆయన ఊరికే రైట్ అనేవాడు గానీ, హోల్డాన్ మాత్రం దిగే మనిషి లేకుండా ఎప్పుడూ అనలేదు.

తగ్గితే నువ్వు ఆగిపోవాల్సి వస్తుందేమో. అది తెలిసే రాస్తున్నాను. తిట్టాలనుకుంటే తిట్టు. సిస్టర్ గారు అని మాత్రం రాయకు.

డయానా


విజయవాడ, వన్ టౌన్
నవంబరు 9

అక్కా,

వెళ్ళాం. నువ్వు చెప్పినట్టే చెప్పాను. సింధూరి గారికి ముందు అర్థం కాలేదు. "రైట్ అంటే రైటేగా? హోల్డాన్ ఇంగ్లీషేగా?" అంది. కాదండీ, రెండూ బస్సు భాష అన్నాను. పాపం, కాలేజీ దాకా కారులోనే వెళ్ళిన మనిషి అనుకుంటాను. మొత్తం విన్నాక ఆవిడ ముఖం వాడిపోయింది. "ఒక్కొక్క మాటే చెప్పారండీ. ఒక్క మాటలో నాలుక మందమైందని నాకేం తెలుస్తుంది" అంది. ఆవిడ నన్ను తప్పుపట్టలేదు. పట్టి ఉంటే బాగుండేదనిపించింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని మొదట్నుంచి మొదలుపెట్టింది. మాట్లాడుతూ ఉండమంటే నాన్న మళ్ళీ తన స్టాపులే ఎత్తుకున్నాడు. ఆవిడ పెంచుతోంది, నాన్న చెబుతున్నాడు. చెయ్యి నెమ్మదించింది. వేళ్ళు ఆడుతున్నాయి. ఇంకా పెంచితే కాళ్ళు కూడా పూర్తిగా వదులవుతాయని నాకు తెలుసు, ఆగస్టులో చూశాను కదా. ఇంకొంచెం, ఇంకొంచెం అని నేను మనసులో అనుకుంటూనే ఉన్నాను. "హోల్డాన్" అన్నాడు. బయట బెంచీల మీద జనం తలలెత్తి చూశారు.

సింధూరి గారు చెయ్యి తీసేసింది. "ఇక్కడ ఆపితే పొద్దున మాత్ర ఎక్కేదాకా కాళ్ళు బిగుసుకునే ఉంటాయండీ. గడపల దగ్గర మళ్ళీ ఆగుతారు. మనిషి సాయం కావాలి. పర్లేదా?"

"పర్లేదమ్మా. కాళ్ళు రాకపోతే ఎవర్నన్నా పిలుచుకుంటా. నోరు పోతే ఎవర్ని పిలిచేది?"

ఎన్ని నెలల తరవాతో ఆయన నోటినుంచి పూర్తి మాట విన్నాను. సంతోషించాను. ఆ వెంటనే సూట్‌కేసు గుర్తొచ్చింది. అబద్ధం ఎందుకు చెప్పాలి.

నాన్నను ఆటోలో ఇంటికి తీసుకొచ్చాను. ఇంటికి రాగానే ఫోను ఇమ్మన్నాడు. నీకు ఎలీషా బాబాయ్ గుర్తున్నాడుగా, నాన్న బస్సు డ్రైవరు. పిన్ని పోయాక మంగళగిరిలో ఒక గది తీసుకుని ఒంటరిగా ఉంటున్నాడు. ఆయనకు చేశాడు.

"ఒరేయ్ ఎలీషా, నేనురా. మరియదాసుని... ఆఁ, నోరొచ్చింది. నీకేమన్నా పనుందా అక్కడ? లేదుగా. అయితే బట్టలు సర్దుకుని రా... ఎందుకేందిరా, అమ్మాయి ఉద్యోగానికి పోద్ది. నాకు పొద్దున పూట మనిషి కావాలి... నువ్వు వండకు, నీ వంట నేను డిపోలో తిన్నా. కూరగాయలు తరుగు, చాలు... ఆఁ, కుక్కరుంటే తెచ్చుకో."

అంతే అక్కా. ఫోను నాకిచ్చి, పేపరు అందుకున్నాడు. నేను ఉండనా వెళ్ళనా అని జూన్ నుంచీ పక్కమీద దొర్లాను, నీతో పోట్లాడాను. ఆయన ఒక్క ఫోనుతో తేల్చేశాడు. నోరు బాగుంటే ఈ ఫోను ఆగస్టులోనే చేసి ఉండేవాడు. నేను కాళ్ళు బాగున్నాయని ఆ నోటినే మూసిపెట్టాను. నన్ను మాత్రం ఒక్క మాట అడగలేదు. బరువు దిగినట్టుంది. కొంచెం చిన్నతనంగానూ ఉంది.

ఎలీషా బాబాయ్ ఒక సంచీ, ఒక కుక్కరుతో దిగాడు. మర్నాడే నాన్న గడప దగ్గర ఆగిపోయాడు.

"ఏందయ్యా, స్టాపు లేని చోట ఆపించావు?" అన్నాడు బాబాయ్.

"నువ్వు స్టాపున్న చోట ఏనాడన్నా ఆపితేగా" అన్నాడు నాన్న.

ఇద్దరూ నవ్వారు. నవ్వయిపోయినా కాలు కదల్లేదు. బాబాయ్ తొందరపెట్టలేదు. గోడకానుకుని, డిపోలో ఎవరో మేనేజరు కథ ఎత్తుకున్నాడు. నేనైతే ఈపాటికి పదిసార్లు "కాలెత్తు" అని ఉండేదాన్ని.

వినీల


మైలవరం
డిసెంబరు 16

వినీ,

నువ్వు వెళ్ళిపోయావట. నాన్న వచ్చి చెప్పాడు. ఈసారి ఎలీషా బాబాయ్ చెయ్యి పట్టుకుని వచ్చాడు. గేటునుంచి వరండా దాకా రావడానికి చాలాసేపు పట్టింది, మధ్యలో ఆగిపోయి నిలబడ్డాడు. నేను మెట్లు దిగి వెళ్ళబోతే మదర్ గారు భుజం మీద చెయ్యి వేసి ఆపారు. వస్తున్నారుగా, రానివ్వు అన్నారు.

కూర్చున్న దగ్గర్నుంచి గంట కొట్టేదాకా మాట్లాడాడు. బెల్లం ధర, మన వీధి కుళాయి, బాబాయ్ గురక. మదర్ గారిని పట్టుకుని, "మా పిల్ల చిక్కిందండీ, మీరు కూర ఏం వేస్తారు?" అని నిలదీశాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నీ గురించి అడిగితే, "పోయింది. పోనీ. పోవాల్సిన పిల్లే" అన్నాడు. ఆ తరవాత బాబాయ్‌తో, "సూట్‌కేసు చక్రం ఒకటి తిరగట్లా, చూశావా? చెప్పడం మర్చిపోయా" అన్నాడు.

నీకు అక్కడ ఎలా ఉంది? మంచిగా ఉంది అని ఒక్క ముక్క రాసి వదిలెయ్యకు.

డయానా


హైదరాబాదు
జనవరి 18

అక్కా,

ఉద్యోగం ఉద్యోగంలాగే ఉంది. రోజంతా తెర ముందు కూర్చుని వేరేవాళ్ళ తప్పులు సరిచేస్తాను. హాస్టలు గదిలో నాతో కీర్తన అని గుడివాడ పిల్ల ఉంటుంది. ఆ అమ్మాయి కన్నా ముందు దాని అలారం లేస్తుంది. వచ్చిన కొత్తలో సాయంత్రాలు ఏ బస్సు పడితే ఆ బస్సెక్కి తిరిగాను. ఇప్పుడు ఆ ఓపిక లేదు. సూట్‌కేసు చక్రం నిజంగానే తిరగట్లేదు.

పొద్దున పూట మాత్రం ఫోను వస్తుంది. నాన్న మాత్ర వేసుకుని, అది ఎక్కేదాకా మంచం మీదే పడుకుని ఉండాలి కదా. ఎలీషా బాబాయ్ అప్పటికింకా లేవడు. ఆ ఖాళీలో నాకు చేస్తాడు. ఇన్నాళ్ళ మాటలు ఎక్కడ దాచాడో తెలియదు. గోడౌనుకు కొత్త తలుపు పెట్టారట, దాని రంగు బాగాలేదట. బాబాయ్ వంకాయలు మరీ లావుగా తరుగుతాడట. డాక్టరమ్మ ఈసారి ఆయన దగ్గర మైలవరం స్టాపులన్నీ అప్పజెప్పిందట, ఒకటి వదిలేసిందట. నేను బకెట్టు పట్టుకుని స్నానాల గది ముందు వరసలో నిలబడి ఊఁ కొడతాను. "మీ నాన్నకు పనేం ఉండదా?" అంటుంది కీర్తన. ఉండదు, కాళ్ళు రావాలి అంటాను. ఆ పిల్లకు అర్థం కాదు.

ఇంత దూరం వచ్చినా నా పొద్దులు ఆయన కాళ్ళ చేతిలోనే ఉన్నాయక్కా. విసుగొస్తుంది. ఒకరోజు ఫోను ఆలస్యమైతే వరసలోంచి పక్కకు వచ్చి నేనే చేశాను.

నువ్వు అడిగావు కాబట్టి నిన్న ఆయనకే చెబుదామనుకున్నాను. ఇక్కడ ఎవరూ చెడ్డవాళ్ళు కాదని, అయినా సాయంత్రమయ్యేసరికి ఎవరితోనూ మాట్లాడాలనిపించట్లేదని, ఇంత ఆరాటపడింది దీనికేనా అనిపిస్తోందని. ఆయన బాబాయ్ గురక గురించి చెబుతూ ఆగి ఊపిరి తీసుకున్నప్పుడు, మధ్యలో దూరి, "నాన్నా, నాకిక్కడ" అన్నాను.

"ఆఁ, వచ్చినయ్యమ్మాయ్ కాళ్ళు. ఉంటా మరి" అని పెట్టేశాడు.

వినీల